మిల్లు చెవుడు

డండీలో, టే నది మీద రైలు వంతెన
రాత్రి తొమ్మిదిన్నరకి ఒక్కసారి వణికి ఊరుకున్నాక
ల్యాబులో రెండే శబ్దాలు:
ఫ్రీజరు మూలుగు,
ఇష్బెల్ నమిలే అల్లం బిస్కట్టు.

నేను కణాలకి మందు పెడుతున్నాను.
ఫలానావాడికి మందు పెట్టారని మా వైపు గుసగుసలాడతారే,
అలాంటి మందు.
ఇరవై ఒక్క అక్షరాల ఆర్ఎన్ఏ ముక్క,
కొవ్వు బొట్టులో చుట్టింది.
కణం తిండి అనుకుని మింగేస్తుంది.

లోపల ఒక జన్యువు అరుస్తోంది.
పెరుగు, పెరుగు, ఇంకా పెరుగు.
అందరి ఒంట్లో ఉండేదే.
ఎప్పుడు ఆపాలో
ఈ ఒక్కచోట మరిచిపోయింది.
దాన్ని చంపను. దాని జోలికే పోను.
అది బయటికి కబురు పంపుతుంది చూడండి,
కేంద్రకం గడప దాటిన ఆ కబురుని
పట్టుకుని తెంపే కత్తెర
కణం దగ్గరే ఉంది, మనం పుట్టకముందు నుంచీ.
నేను చేసేదల్లా
దేన్ని తెంపాలో ఆనవాలు చెప్పడం.
చాడీలు చెప్పడం అనండి, ఒప్పుకుంటాను.

ఇష్బెల్ తాతమ్మ ఈ ఊరి జూటు మిల్లులో మగ్గం నడిపింది.
మా అమ్మమ్మ అసిరమ్మ చిట్టివలస జూటు మిల్లులో.
ఒకరినొకరు ఎరగకుండానే
ఇద్దరికీ ఒకే చెవుడు.
ఆ మోతలో నోటిమాట చెల్లదు గనక
అక్కడా ఇక్కడా ఆడవాళ్లు చేతులతో మాట్లాడుకున్నారు.
అమ్మమ్మ ఇంటికొచ్చినా
ఉప్పు కావాలంటే వేళ్లు నలిపేది.
మేస్త్రీ వస్తున్నాడంటే రెండు వేళ్లతో భుజం గోక్కునేది.
అది చేసి చూపిస్తే
ఇష్బెల్ బిస్కట్టు పక్కన పెట్టింది.
వాళ్లింట్లో అయితే ముక్కట.
అప్పట్నుంచీ మా ప్రొఫెసర్ మెట్లెక్కుతుంటే
ఒకళ్లం ముక్కు, ఒకళ్లం భుజం.

డెబ్బై రెండు గంటలు.
బ్లాట్ మీద ఆ ప్రోటీన్ గీత చెరిగిపోయింది,
పలక తుడిచాక మిగిలే సుద్ద మచ్చంత.
పక్కన ఆక్టిన్ గీత నల్లగా, సాక్షిలా.
కణాలు మందగించాయి. కొన్ని ముడుచుకుని పైకి తేలాయి.
గంతేశాను. ఇష్బెల్ గంతెయ్యలేదు.
కంట్రోల్ ప్లేటు తియ్యి, అంది.

దానికిచ్చింది అర్థం లేని ముక్క,
అవే అక్షరాలు కలగాపులగం చేసింది.
అది ఎవరి పేరూ కాకూడదు.
అక్కడా తేలుతున్నాయి, తక్కువే గానీ.
మధ్యలో ఓ ఏడక్షరాలు కలిసిన పాపానికి
ఊరూ పేరూ తెలియని ఏ జన్యువు నోరు నొక్కామో.
అంతవరకూ అది ఏం చెబుతూ ఉండిందో.

ఈ కణాలు ఒకామెవి.
సీసా మీద ఒక అంకె, వయసు, రొమ్ము అనే మాట.
అంతకు మించి ఆమె కూడా ఏమీ చెప్పదు.

ఆరో రోజు, పారబోసే ముందు
అలవాటు చొప్పున ఇంకో బ్లాట్ నడిపాను.
గీత తిరిగొచ్చింది.
కణం రెండై, నాలుగై, ఎనిమిదై
మందు పలచబడిపోయింది.
జన్యువు గొంతు సవరించుకుంటోంది.

మిల్లు మూసేసిన వారం అమ్మమ్మకి నిద్ర పట్టలేదు.
మోత ఏదే గుంటా, మోత ఏదీ, అంటూ తిరిగింది.
నీకు వినపడదు కదా, అన్నాను.
పాదాలకి వినపడతాది, అంది.

నోట్‌బుక్‌లో రాశాను: అయిదు రోజులు.
ఆ కింద, ఈసారి కబురు తోక దగ్గర్నుంచి,
కొత్తగా ఇరవై ఒక్క అక్షరాలు ఏరుతున్నాను.
పద్దెనిమిది అయ్యాయి.
మెట్ల మీద బూట్ల చప్పుడు.
ఇష్బెల్ తలెత్తకుండానే
ముక్కు గోక్కుంది.